బాలవాడి బాట వేసిన దుర్గాబాయమ్మ గారు

శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు మన తరం వారికి కొత్త కాదు. హైదరాబాదు విద్యానగర్‌లో ఆమె పేరిట పెద్ద ఆసుపత్రి ఉంది. ఢిల్లీలో పిల్లలున్న మన సభ్యులు అక్కడి మెట్రో రైలులో ఆమె పేరు పెట్టిన స్టేషను చూసే ఉంటారు. స్వాతంత్ర్య సమరయోధురాలు, రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు అని పాఠ్యపుస్తకాల్లో మూడు ముక్కల్లో చెప్పి ఊరుకుంటారు. దేవరాపల్లిలో మన వీధి చివరనున్న అంగన్‌వాడీ కేంద్రానికీ ఆమెకూ చుట్టరికం ఉందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు. మనవలను ఉదయం దింపి మధ్యాహ్నం వెనక్కి తెచ్చుకోవడం మనలో చాలామందికి రిటైరయ్యాక పడిన డ్యూటీ. కాబట్టి ఈ ప్రత్యేక సంచికలో ఆమె జీవితాన్ని ఆ వైపు నుంచి చెబుదామని పూనుకున్నాను. ఉద్యోగ జీవితంలో కొన్నేళ్లు బాలవాడీల ఫైళ్లు చూసిన గుమాస్తాను నేను. ఆ పాటి అర్హతే నాకున్నది.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే సుబ్బారావు గారనే ఆయనకిచ్చి పెళ్లి చేశారు. ఈడు వచ్చాక ఆమె తనకు తానుగా ఆలోచించుకుని, ఈ పెళ్లి తాను అర్థం తెలిసి చేసుకున్నది కాదనీ, కాపురానికి రాలేననీ, మరొకరిని వివాహమాడమనీ భర్తకు చెప్పేశారు. పుట్టింటివారు ఆమె పక్షానే నిలిచారు. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలో ఒక మధ్యతరగతి ఇంట్లో ఈ మాట అనడానికి ఆ పిల్లకు ఎంత ధైర్యం కావాలో, విని ఊరుకోవడానికి ఆ తల్లిదండ్రులకు అంతకు రెట్టింపు కావాలి. ఈ కథకు మరో కొస కూడా ఉంది. సుబ్బారావు గారు మళ్లీ పెళ్లి చేసుకుని 1941లో కాలం చేశారు. ఆయన భార్యకు ఆదరువు లేకపోతే, ఆమెను చేరదీసి చేతిపని నేర్పించి, తన కాళ్లపై తాను నిలబడేటట్లు చేసినది దుర్గాబాయి గారే. ఆమె జీవితంలో నేను మొట్టమొదట తలచుకునేది ఈ సంగతినే.

చదువు సంగతి కూడా అంతే. బడిలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టారని నిరసించి పన్నెండో ఏట బడి మానేశారు. హిందీ నేర్చుకుని, తోటి ఆడపిల్లలకూ, ఇరుగుపొరుగు ఇల్లాళ్లకూ నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల నడిపారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలూ, గోషా పాటించే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని ఈ పన్నెండేళ్ల పిల్ల పట్టుబట్టింది. 5 వేల రూపాయల విరాళం కూడబెడితే కొన్ని నిమిషాలు ఇప్పిస్తామని నిర్వాహకులు షరతు పెట్టారు. ఆ స్త్రీలే ఆ డబ్బు పోగుచేశారు. గాంధీగారు కొద్ది నిమిషాలకని వచ్చి చాలాసేపు మాట్లాడారు. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగు చేసింది కూడా దుర్గాబాయే. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారిని ఆపేసిన కథ అందరికీ తెలిసినదే. టిక్కెట్టు కొని తెచ్చాకనే లోపలికి వెళ్లనిచ్చారు. రూలు ఎవరికైనా రూలే అనే మన బోటి ఆఫీసు వాళ్లకు ఈ కథ మీద మక్కువ ఎక్కువ.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో అరెస్టయ్యారు. 1930కీ 1933కీ మధ్య మూడుసార్లు జైలు. మదురై జైల్లో ఏకాంతవాసం ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. జైల్లో తోటి ఖైదీలైన పేద ఆడవాళ్లను చూసి, తాము ఏ నేరానికి వచ్చారో, ఏ కాగితం మీద వేలిముద్ర వేశారో కూడా తెలియని స్థితికి చలించిపోయి, బయటికి వచ్చాక న్యాయశాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నారు. అంటే ఇరవై నాలుగేళ్ల వయసులో, పన్నెండేళ్లప్పుడు వదిలేసిన చదువును మళ్లీ అందుకోవడం అన్నమాట. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషనుకు ప్రైవేటుగా కట్టి ప్యాసయ్యారు, ఆపైన ఇంటర్మీడియట్.

ఆ తర్వాతి ఘట్టం మన ప్రాంతానికి చెందినది. రాజనీతి శాస్త్రంలో ఆనర్సు చదవాలని వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అప్పటి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు గనక సీటు ఇవ్వడం కుదరదన్నారు. మరొకరైతే తిరిగి రైలెక్కేవారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, చదువుకోవాలనే కోరిక ఉండి వసతి లేక ఆగిపోయిన మరికొందరు ఆడపిల్లలను కూడగట్టుకుని, ఒక ఇల్లు తీసుకుని, ఇదిగో హాస్టలు అని చూపించారు. సీటు వచ్చింది. వసతి లేదు కాబట్టి మీరు రావద్దు అన్న మాటను ఆమె అంగీకరించలేదు. మీరు వచ్చారు కాబట్టి వసతి ఉండాలి అన్నదే ఆమె లెక్క. తర్వాత రోజుల్లో పసిపిల్లల తల్లుల విషయంలోనూ ఆమె ఇదే లెక్క వేశారని నా అభిప్రాయం. ఆనర్సు అయ్యాక మద్రాసులో లా చదివి 1942లో న్యాయవాది అయ్యారు.

ఈ చదువుల మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. మైలాపూరులో చిన్నపిల్లల ఆటపాటల క్లబ్బుగా మొదలైన చిన్న ముఠా అది. తాను పడిన పాట్లు తర్వాతివారు పడకూడదని, మధ్యలో చదువు ఆగిన ఆడవాళ్లకు కాశీ మెట్రిక్ పరీక్షకు తరగతులు పెట్టారు. చేతిపనులు, హాస్టలు, ఆసుపత్రి, నర్సుల శిక్షణ ఒకదాని వెంట ఒకటి చేరాయి. ఆంధ్ర మహిళ అనే పత్రికకు ఆమే సంపాదకురాలు. తర్వాత హైదరాబాదుకూ ఈ సంస్థ విస్తరించి కళాశాలలు, ఆసుపత్రి, వయోజన విద్యా కేంద్రం నడిపింది. వీటి జాబితా రాస్తే సంచిక పేజీలు చాలవు.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అధ్యక్షులు లేనప్పుడు సభ నడిపే ప్యానెలులో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. రాజ్యసభకు పోటీ చేసే వయసును 35 నుంచి 30 ఏళ్లకు తగ్గించాలని సవరణ తెచ్చారు. అదే ఈనాటికీ అమల్లో ఉంది. ఆ రాజ్యాంగంలో 45వ అధికరణం ఒకటున్నది. పదేళ్లలోగా పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఇవ్వడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో రాశారు. పద్నాలుగు లోపు అంటే పుట్టిన దగ్గర నుంచీ అని అర్థం తీయవచ్చు గాని, ఆచరణలో మాత్రం బడి అంటే ఒకటో తరగతే అయింది. తల్లి ఒడి దిగిన దగ్గర నుంచి ఒకటో తరగతిలో చేరేదాకా ఉన్న నాలుగైదేళ్లు ఏ డిపార్టుమెంటుకూ చెందకుండా మిగిలిపోయాయి. విద్యాశాఖకు ఆ పిల్లలు చిన్నవాళ్లు, వైద్యశాఖకు జబ్బు పడితేనే వాళ్లు కనబడతారు.

ఆ కాలం ఊళ్లో ఎలా గడిచేదో మనలో చాలామందికి అనుభవమే. చెరుకు నరికే రోజుల్లో తల్లి తెల్లవారుజామునే పొలానికి వెళితే, చంటిదాన్ని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండేది ఏడేళ్ల అక్క. ఆ అక్కకు బడి లేదు. బెల్లం వండే గానుగల దగ్గర, కాగే పెనాలకు పది అడుగుల దూరంలో గోనెసంచుల మీద పడుకోబెట్టిన పసివాళ్లను నేను చూశాను. ఇంట్లో నాయనమ్మ ఉన్నవాడికి సరే, లేనివాడికి ఎవరు దిక్కు? తల్లి కూలీ, అక్క చదువు, చంటివాడి పెరుగుదల మూడూ ఒకే ముడిలో ఉన్నాయి. ఆడపిల్లల చదువు కోసం ఎంత ఉపన్యసించినా ఆ ముడి విప్పనిదే పని జరగదు.

దుర్గాబాయి గారికి ఆ ముడి విప్పే అవకాశం 1950ల్లో వచ్చింది. ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా సాంఘిక సంక్షేమం ఆమె చూసేవారు. అప్పటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ గారితో 1953 జనవరి 22న ఆమె వివాహం జరిగింది. సాక్షి సంతకం చేసినవారిలో నెహ్రూ గారొకరు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంక్షేమ సంస్థల సాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్మును పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి గారు. డబ్బు ప్రభుత్వానిది, పని స్థానికులది అన్నది ఆ బోర్డు పద్ధతి. మరుసటి ఏడు రాష్ట్రాల్లో సలహా బోర్డులు పెట్టారు.

బోర్డు పెట్టాక తెలిసిన నిజం ఏమిటంటే, గ్రాంటు అడగడానికి కూడా పల్లెటూళ్లలో సంస్థలు లేవు. ఉన్నవన్నీ పట్నాల్లో. దరఖాస్తు పెట్టుకున్నవాడికే గ్రాంటు అని కూర్చుంటే, సొమ్ము మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లోనే ఖర్చయిపోతుంది. ఇక్కడే ఆమె వాల్తేరు హాస్టలు లెక్క పనిచేసిందని నాకనిపిస్తుంది. సంస్థ లేకపోతే సంస్థను కల్పించండి అన్నారు. 1954లో సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలయ్యాయి. ఒక్కో ప్రాజెక్టుకు సుమారు 25 గ్రామాలు, 20 వేల జనాభా. వాటి మధ్య ఐదు కేంద్రాలు. కేంద్రంలో పసిపిల్లలకు బాలవాడి. అదే పందిరి కింద గర్భిణులకూ బాలింతలకూ సాయం చేయడానికి దాయి. మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు అక్షరాలు, కుట్టుపని. అన్నిటి మీదా ఒక గ్రామసేవిక. ప్రాజెక్టును నడిపే కమిటీలో ఎక్కువమంది స్థానిక మహిళలే, అదీ ఉద్యోగులు కానివారు. ఖర్చులో కొంత బోర్డు, కొంత రాష్ట్ర ప్రభుత్వం, కొంత ఊరివారు పెట్టుకోవాలి.

ఈ ఏర్పాటును గుమాస్తా కళ్లతో చూస్తే అందులోని తెలివి కనబడుతుంది. బిడ్డను తెచ్చి దింపిన తల్లి అక్కడే మంత్రసానిని కలుసుకుంటుంది, అక్కడే సంతకం నేర్చుకుంటుంది. మూడు పనులకు మూడు ఆఫీసులు తిరగనక్కరలేదు. చంటివాడు బాలవాడిలో ఉంటే అక్క బడికి పోతుంది. పైగా కమిటీలో ఉన్నది ఆ ఊరి ఆడవాళ్లే కాబట్టి, సేవిక రాకపోయినా, పాలు పలచనైనా అడిగేవారు పక్కింట్లోనే ఉంటారు. ఇన్‌స్పెక్షను కోసం జీపు రానక్కరలేదు.

కష్టం లేకపోలేదు. పల్లెల్లో ఉండి పనిచేయడానికి చదువుకున్న ఆడవాళ్లు దొరకలేదు. పట్నం పిల్లలను పంపితే నెల తిరగకుండా వెనక్కి వచ్చేవారు. ఆమె మళ్లీ తన అనుభవాన్నే ఆశ్రయించారు. నాలుగో తరగతో ఐదో తరగతో చదివి ఆపేసిన వితంతువులు, భర్త వదిలేసినవారు, పేదింటి యువతులు ఊరూరా ఉన్నారు. వారికి రెండేళ్లలో మెట్రిక్ దాకా చదువు చెప్పేస్తే గ్రామసేవికలు, నర్సులు, బాలసేవికలు, టీచర్లు తయారవుతారు. 1958లో బోర్డు ఇందుకోసం సంక్షిప్త విద్యాకోర్సులు మొదలుపెట్టింది. మద్రాసులో తన సభ ఆవరణలో చేసిన పనినే దేశం మొత్తానికి పెంచారన్నమాట. ఈ కోర్సుల్లో చదివి ఉద్యోగాల్లో చేరి, మనతోపాటే పెన్షను పుచ్చుకున్న సోదరీమణులు రాష్ట్రంలో ఎందరో ఉన్నారు. మొగుడు వదిలేసిన పిల్లకు వంటపని తప్ప మరో దారి లేదనుకునే రోజుల్లో ఇది ఎంత పెద్ద మాటో వారిని అడగాలి.

1957 నుంచి ఈ ప్రాజెక్టులను సమాజాభివృద్ధి బ్లాకులతో కలిపి నడిపారు. పరిధి సుమారు వంద గ్రామాలకు పెరిగింది. ఆ తర్వాత క్రమంగా చాలా కేంద్రాలను మహిళా మండళ్లకు అప్పగించారు. మన రాష్ట్రంలో 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. బాలవాడీలు, మహిళా మండళ్లు సమితి ఆఫీసు కాగితాల్లోకి వచ్చాయి.

నేను 1973లో ఒక పంచాయతీ సమితిలో ఎల్.డి.సి.గా చేరాను. కొత్తవాడికి ఎవరికీ అక్కరలేని సీటు ఇవ్వడం ఆఫీసు మర్యాద. నాకు ఇచ్చినది మహిళా, శిశు సంక్షేమం. ముఖ్య సేవిక గారి టూరు డైరీలు, బాలసేవికల గౌరవ వేతనం బిల్లులు, పాలపొడి డబ్బాల స్టాకు రిజిస్టరు, ఆటవస్తువుల జాబితా. బాలవాడి అంటే చాలా ఊళ్లలో రామాలయం అరుగే. వర్షం వస్తే సెలవు. ఒక ఊరికి చెక్క గుర్రం, రంగు పూసలు, పలకలు వస్తే, అవి ప్రభుత్వ ఆస్తి గనక పాడవుతాయని బీరువాలో పెట్టి తాళం వేసిన ఉదంతం నాకు తెలుసు. రిజిస్టరు మాత్రం శుభ్రంగా ఉండేది. గౌరవ వేతనం బిల్లులు మూడు నాలుగు నెలలకోసారి అభ్యంతరాలతో తిరిగొచ్చేవి. బాలసేవికలు చంటిపిల్లల్ని చంకనేసుకుని ఆఫీసు వరండాలో కూర్చునేవారు.

అయినా ఒక ఊళ్లో వేరే రకం చూశాను. అక్కడి మహిళా మండలి అధ్యక్షురాలు వేలిముద్ర వేసే పెద్దావిడ. ఆయాకు జీతం రాకపోతే ఆయా రాదు, ఆవిడే వచ్చేది. బెంచీ మీద కూర్చుని, బిల్లు పంపిన నంబరూ తేదీ నా చేత చదివించుకుని వెళ్లేది. ఎండాకాలంలో నీళ్లకుండ ఎవరు పెట్టాలి, కిరసనాయిలు పొయ్యి ఎవరిది అనే తగవులు కూడా ఆవిడే తీర్చేది. ఆ ఊరి బాలవాడికి తాళం పడటం నేను చూడలేదు. దుర్గాబాయి గారు ఢిల్లీలో కూర్చుని కాగితం మీద రాసిన స్థానిక మహిళా కమిటీ అనే మాటకు అర్థం ఇదని నాకు తెలిసింది ఆవిడ వల్లనే. నాకు తెలిసిన మిగిలిన ఊళ్లలో కమిటీ అంటే మినిట్సు పుస్తకంలో సంతకాలే. ఆ సంతకాలు ఇంటింటికీ పుస్తకం తిప్పి చేయించేవారు.

ఇంతలో 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని, మనం ఐ.సి.డి.ఎస్. అనేదాన్ని, దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభించింది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, మూడేళ్లు దాటినవారికి బడికి ముందు చదువు అని ఆరు సేవలు. అంగన్‌వాడి అనే పేరు, ముంగిట్లోనే బడి అనే ఊహ మహారాష్ట్రకు చెందిన తారాబాయి మోదక్ గారివి. ఆమె, శిష్యురాలు అనూతాయి వాఘ్ గారు బోర్డిలోనూ, తర్వాత కోస్‌బాడ్ కొండల్లో గిరిజనుల మధ్యనూ ఇలాంటి బడులు నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలన్నది వారి పద్ధతి. ఆ ముంగిలి బడి ఊహకు, దుర్గాబాయి గారి కేంద్రంలోని తల్లీపిల్లల సేవలన్నీ ఒకచోట అనే ఏర్పాటుకు ఈ పథకంలో కలయిక కనిపిస్తుంది. ఆ ఊరి మహిళనే కార్యకర్తగా తీసుకోవడం కూడా పాత బాటే. ఆ ఏడే ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు.

అయితే తేడా కూడా ఉన్నది, దాన్ని దాచడం న్యాయం కాదు. కొత్త పథకంలో డబ్బు ఎక్కువ, కేంద్రాలు ఎక్కువ, లెక్కలు ఎక్కువ. పల్లెల్లో వెయ్యి జనాభాకు, గిరిజన ప్రాంతాల్లో 700 జనాభాకు ఒక కేంద్రం అన్నారు. అంత విస్తృతంగా పోవడం స్వచ్ఛంద సంస్థల వల్ల అయ్యే పని కాదు. కాని పగ్గాలు కమిటీ చేతిలో నుంచి ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్లాయి. కార్యకర్త ఊరి ఆడవాళ్లకు కాకుండా సూపర్‌వైజరుకు జవాబుదారీ అయింది. ఆమె హోదా మాత్రం స్వచ్ఛంద సేవకురాలే! జీతం కాదు, గౌరవ వేతనం. మొదట్లో మెట్రిక్ ప్యాసైనవారికి నెలకు 150 రూపాయలు, కానివారికి 100, ఆయాకు 35. మన రాష్ట్రంలో 2019లో కార్యకర్తకు 11,500, ఆయాకు 7,000 చేశారు. పని వేళలు, రిజిస్టర్లు, తనిఖీలు అన్నీ ఉద్యోగికి ఉన్నట్టే ఉండి, పెన్షను దగ్గరికి వచ్చేసరికి సేవకురాలు కావడం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు. వారికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. 2023 డిసెంబరు 12 నుంచి మన రాష్ట్రంలో వారు 42 రోజులు సమ్మె చేశారు. ఆ రోజుల్లో కేంద్రాలు మూతపడితే ఏయే ఇళ్లలో కూలి పనులు ఆగిపోయాయో గమనించినవారికి, ఆ చిన్న గది విలువ ఎంతో తెలిసి ఉంటుంది. పెన్షనర్లుగా మనకు ఆ సమ్మె పరాయి విషయం కాదు.

దుర్గాబాయి గారి మిగతా జీవితం క్లుప్తంగా చెబుతాను. 1958లో స్త్రీ విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షత వహించి మరుసటి ఏడు నివేదిక ఇచ్చారు. 1962లో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించారు. అంధుల సేవ, అక్షరాస్యత, కుటుంబ న్యాయస్థానాలు ఇలా పట్టుకున్న పనులు అనేకం. కుటుంబ తగవులకు వేరే కోర్టులుండాలని 1953లో చైనా వెళ్లి వచ్చిన నాటి నుంచీ చెబుతూ వచ్చారు. ఆ చట్టం 1984లో గాని రాలేదు. దేశ్‌ముఖ్ గారితో కలిసి చివరి రోజులు హైదరాబాదులో గడిపి, 1981 మే 9న కన్నుమూశారు. దేశ్‌ముఖ్ గారు మరుసటి ఏడు అక్టోబరు 2న పోయారు. ఆ ఏడే తపాలాశాఖ ఆమె పేర స్టాంపు విడుదల చేసింది. ఆమెకు కన్నబిడ్డలు లేరు. రాజ్యాంగంలో 45వ అధికరణాన్ని 2002లో సవరించి, ఆరేళ్లు నిండేవరకు పిల్లలందరి సంరక్షణ, విద్య ప్రభుత్వం చూడాలని రాశారు. 2006లో సుప్రీంకోర్టు ప్రతి వాడకూ అంగన్‌వాడీ ఉండాలని ఆదేశించింది.

ఇక మన దేవరాపల్లి సంగతి. విశాఖపట్నం జిల్లా విడిపోయి 2022లో అనకాపల్లి జిల్లా అయినా, మన చెరుకు, మన కొండవాలు పల్లెలు మారలేదు. రైవాడ నీళ్లు విశాఖకు పోయినట్టే మన కొడుకులూ కోడళ్లూ పనులకు విశాఖకు పోతున్నారు. పిల్లలు మన దగ్గర ఉంటున్నారు. మనలో పెన్షను ఉన్నవారం మూడో ఏడు రాకుండానే మనవణ్ణి యూనిఫారం తొడిగి కాన్వెంటు వ్యానెక్కిస్తున్నాం. తప్పని అనను, నేనూ నా మనవడి విషయంలో కోడలి మాటే విన్నాను. కాని దీనివల్ల అంగన్‌వాడీ అంటే అడిగే నోరు లేనివారి పిల్లలకే అన్నట్లు తయారయింది. గుడ్డు చిన్నదైతే, తూకం యంత్రం పాడైతే, గది పైకప్పు కారితే కాగితం రాయగలిగినవాడి మనవడు అక్కడ ఉండడు. కొండ కింద గూడేల్లో నడవలేని పసివాడికి కేంద్రం రెండు గెడ్డల అవతల ఉంటే, అది ఉన్నట్టా లేనట్టా? చిన్న గూడేలకు మినీ అంగన్‌వాడీ పెట్టడానికి నిబంధనల్లో వీలున్నది. అడగాలి, అడగడానికి జనాభా లెక్క, పిల్లల పేర్లు, పంచాయతీ తీర్మానం జతపరచాలి. ఇవి మనం ముప్పై అయిదేళ్లు చేసిన పనులే.

పాత కమిటీ కూడా పూర్తిగా చచ్చిపోలేదు. 2011లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతి కేంద్రానికీ స్థానికంగా ఒక పర్యవేక్షణ, సహాయక కమిటీ ఉండాలి. పంచాయతీ వార్డు సభ్యులు, తల్లులు, ఆశా కార్యకర్త వంటివారితో పాటు ఊళ్లో చదువుకున్నవారికీ, రిటైరైన ఉద్యోగులకూ అందులో చోటున్నది. మన సంఘంలో రిటైరైన పంతులమ్మలు ఉన్నారు, ఏ.ఎన్.ఎం.గా చేసిన సోదరీమణులు ఉన్నారు, స్టాకు రిజిస్టరు చూడగానే తేడా పట్టేసే అకౌంటు గుమాస్తాలూ ఉన్నారు. నెలకో పూట కేటాయిస్తే చాలు. మండలంలోని కేంద్రాలకు ఒక్కొక్కరి చొప్పున పేర్లు ఇవ్వాలనీ, వాటిలో సగం మహిళలవి ఉండాలనీ ఒక పేజీ ప్రతిపాదన టైపు చేసి, వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో చేర్చవలసిందిగా సంఘం ఆఫీసులో ఇచ్చాను. కొండ కింద ఉన్న కేంద్రాల్లో ఒకదానికి నా పేరు రాశాను. బస్సు దిగాక నడక ఉంది గనక తోడు వచ్చేవారు పేరు ఇస్తే బాగుంటుంది.